మగవాళ్ళు ముట్టని పెంటతట్ట

అనగనగా ఒక మెట్ట ఊళ్ళో, మగవాళ్ళు పెంటతట్ట ముట్టుకోని ఊళ్ళో, గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ ఊళ్ళో ఎద్దుని తోలేది మగవాళ్ళు, ఆ ఎద్దు వేసిన పేడ ఎత్తేది ఆడవాళ్ళు. ఆ ఆచారం ఎవరు పెట్టారమ్మమ్మా అంటావా? ఎత్తక్కర్లేనివాళ్ళే పెట్టుంటారు.

గవరమ్మ అత్తారింట్లో ఇమడలేక పుట్టింటికి వచ్చేసింది. ఆమెకి సన్యాసి, పోలయ్య అని ఇద్దరన్నలు. వాళ్ళ పశువుల సాలలో పేడ తీసింది, కుప్ప వేసింది, తట్టలు మోసింది. చేలు పచ్చగా ఉంటే ఊరంతా అన్నల్ని మెచ్చుకునేది. గవరమ్మ పక్కనుంచి వెళితే ముక్కు మూసుకునేది.

అప్పుడు తండ్రి పోయాడు. కూతురికీ వాటా ఇవ్వమని చెప్పి మరీ పోయాడు. అన్నలు బాగా ఆలోచించి, ఊరి చివర చౌడు ముక్క ఇచ్చారు. గడ్డి కూడా మొలవని నేల అది.

"వచ్చే కోతలకి గింజ తీసి చూపించు. లేదంటే మళ్ళీ మాలో కలిపేసుకుంటాం," అన్నాడు సన్యాసి.

"తీస్తే?" అంది గవరమ్మ.

"తీస్తే నీదే. ఇక ఆ గట్టు కూడా తొక్కం." అన్నలిద్దరూ పడీపడీ నవ్వారు.

ఆ తర్వాత గవరమ్మ గొర్రెల కాపరుల్ని పిలిచి, కుండెడు అంబలి పోసి, చేలో మంద కట్టించింది. గొర్రెలు పడుకుని లేచేసరికి నేలంతా ఎరువే. "మా చెల్లికి గొర్రెలే చుట్టాలు," అన్నాడు పోలయ్య.

అప్పుడు వానలు పడ్డాయి. గవరమ్మ జీలుగ విత్తనాలు చల్లింది. అది నడుమెత్తు పెరిగి పూత పట్టే వేళకి, మొత్తం నేలలో కలిపి దున్నించేసింది. "పచ్చటి చేను పాడుచేసుకుంది, పిచ్చిది," అన్నాడు సన్యాసి. మనకి పెట్టాలంటే ముందు నేల తినాలి కదా బంగారూ!

ఆ తర్వాత ఓ మూల గొయ్యి తవ్వింది. పేడ, చెత్త, రాలిన ఆకులు వేసింది, నీళ్ళు చల్లింది, మట్టి కప్పింది. వెళ్ళినప్పుడల్లా అందులో చెయ్యి పెట్టి చూసేది. వేడిగా ఉంటే, "ఇంకా ఉడుకుతోంది" అని మళ్ళీ కప్పేసేది. చల్లబడి, నల్లబడి, తొలకరి మట్టి వాసన వచ్చాకే కావలసినంత తీసి చేలో చల్లింది. అప్పుడు రాగులు విత్తింది.

రాగులు మొలిచాయి. మోకాలెత్తు వచ్చాయి. అన్నలకి నవ్వు ఆగిపోయింది. 'అంతా పేడలోనే ఉందన్నమాట' అనుకుని, సాల వెనక కుప్పంతా మిరపచేలోకి మొయ్యమన్నారు పెళ్ళాల్ని.

"కుప్ప ఇంకా చివకలేదు. ఓసారి చెయ్యి పెట్టి చూడండి," అంది పెద్దవదిన.

"మగాణ్ణి పట్టుకుని పెంటలో చెయ్యి పెట్టమంటావా?" అని ఎగిరాడు సన్యాసి.

పచ్చి పెంట వేడి మిరప వేళ్ళకి తగిలింది. మిరపమొక్కలు మాడిపోయాయి. మిగిలినవాటిని చెదలు తినేశాయి.

గవరమ్మ చేలో మాత్రం రాగి కంకులు పిడికిళ్ళు బిగించినట్టు గట్టిపడ్డాయి. కోతలనాడు వదినలిద్దరూ సాయానికొచ్చారు. వాళ్ళ వెనకే అన్నలూ వచ్చి, గట్టుకి అవతల నిలబడ్డారు.

"చెల్లీ, చేను నీదే, మాట తప్పం. ఆ గోతిలో ఎరువు మాకూ కాస్త... మీ వదినల చేత మోయిస్తాం," అన్నాడు సన్యాసి.

"వదినలు అంబలి తాగుతున్నారు. నేను పిలుస్తున్నా, గట్టు దాటి నువ్వే రా అన్నయ్యా. ముందు చెయ్యి పెట్టి చూడు."

సన్యాసి అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక వేలు పెట్టాడు. ఆ తర్వాత మోచేతిదాకా పెట్టాడు.

"చల్లగా ఉందే!" అన్నాడు, చంటిపిల్లాడిలా.

"ఉంటుంది. ఇక తట్ట ఎత్తు," అంది గవరమ్మ.

అప్పుడు సన్యాసి తలపాగా విప్పి, చుట్టకుదురు చేసి, తట్ట నెత్తికెత్తుకున్నాడు. వదినలకి నవ్వీ నవ్వీ పొలమారింది. ఆయన మీసం రాలిపోయిందా అంటావా? లేదు బంగారూ, ఒక్క వెంట్రుకైనా రాలలేదు.

తట్టేమో అన్న నెత్తికి, కథేమో కంచికి, మనమేమో నిద్రకి.