రాణిగారి కారుకు బ్రేక్ ఆయిల్

రాణిగారి పాత కారు పరుగెత్తడం మానలేదు, ఆగడం మానేసింది. బ్రేకు తొక్కితే పాదం నేలకు తగులుతోంది. కారు మాత్రం తన దారిన తాను పోతోంది.

తెల్లారితే ఘాట్ దిగాలి. తొలకరి పడ్డాక ఏలేవాళ్లు తాతలనాటి కారును స్వయంగా నడుపుకుంటూ కొండ దిగి, కింది ఊళ్లో కుర్చీ వేసుకుని జనం మొర వినడం ఆ సీమ ఆచారం. దిగకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. బ్రేకుల్లేకుండా దిగితే ప్రాణమే దక్కదు. రాణికి రెండూ కావాలి. అందుకని బ్రేక్ ఆయిళ్లను సభకు పిలిపించింది.

ఊదారంగు ఆయిల్ తళతళలాడుతూ ముందుకొచ్చింది. "నేను చెమ్మను ముట్టను. కారు రంగుకు హాని చెయ్యను. నాకు ముసలితనం లేదు."

"మరి లోపలికి చేరిన నీళ్లు?"

"ఏ మూల చేరితే ఆ మూలే ఉంటాయి. తుప్పు పడితే అది ఇనుము ఖర్మ. నాకేం సంబంధం?"

సభ చప్పట్లు కొట్టింది.

"నీ సంగతేమిటి?" అని తేనెరంగు ఆయిల్‌ను అడిగింది రాణి.

"ఒలికితే కారు రంగు లేచిపోతుందమ్మా. చెమ్మంతా నేనే పీల్చుకుని నేనే చెడతాను. పైకి బాగానే కనిపిస్తాను గానీ ఘాట్‌లో వేడెక్కితే చేతులెత్తేస్తాను. అంతదాకా రానివ్వకుండా, మొహమాటపడక పారబోసి కొత్తది పోయించండి."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ఎవరినీ నొప్పించడమెందుకు మహారాణీ? సగం అదీ సగం ఇదీ కలిపేద్దాం. మన కొలువు పద్ధతే అది."

"భేష్. అయితే మీరు నా పక్కన కూర్చోండి."

"నాకు మలుపులు పడవు తల్లీ, కళ్లు తిరుగుతాయి."

రాణి నవ్వు ఆపుకుంది. గొట్టాల్లో పాతదంతా దింపించి, కడిగించి, తేనెరంగుదే పోయించింది.

పొద్దున్నే బయలుదేరింది. ఏటవాలు మలుపు తిరగ్గానే రోడ్డు నిండా మేకలు. బ్రేకు తొక్కింది. కారు బుద్ధిగా ఆగింది.

మేకల కాపరి తలపాగా తీశాడు. "మీ తాతగారి రోజుల్లో మేమే లోయలోకి దూకేవాళ్లం తల్లీ! ఎలాగూ ఆగారు, ఒక మాట చెప్పుకోనా?"

రాణి ఇంజను కట్టేసి, రోడ్డు పక్క బండమీద కూర్చుంది. అతని మాట అయ్యేసరికి కట్టెలవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక తేనెపట్టువాళ్లు.

కింది ఊరివాళ్లు మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. తర్వాత కుర్చీని నెత్తిన పెట్టుకుని కొండెక్కారు.