బెల్లం మోసిన గుర్రం

అనగనగా ఒక అడవిలో నట్టనడుమ ఒక కొండ ఉండేది. కొండకు ఇవతల సరుకులు, అవతల సంత. కొండ మాత్రం ఎవరికోసమూ పక్కకు జరిగేది కాదు. అందుకే ఆ అడవిలో వ్యాపారం చేయాలంటే ముందు మోసేవాళ్ళను చూసుకోవాలి.

ఇవతలి వైపు బుచ్చయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. సంతలో మద్దిచెట్టు కింద వాళ్ళ నాన్న సంపాదించిన చోటు ఒకటి అతనికి ఉంది. అక్కడ కూర్చుని కుండలు, బెల్లం అమ్ముకునేవాడు. మంచివాడే గానీ, పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. పాపం, వీపంతా ముళ్ళు కదా! శభాష్ అని వీపు తట్టినవాళ్ళు పుట్టినప్పటినుంచీ ఒక్కరూ లేరు.

కుండలను తాబేలు తాత తెప్పమీద చేరవేసేవాడు. ఏరు కొండను చుట్టుకుని పోతుంది కాబట్టి నాలుగు రోజులు పట్టేది. బెల్లాన్ని గాడిద పోలమ్మ కొండదారిన తీసుకెళ్ళేది. చెట్ల నీడన నడుచుకుంటూ రెండు రోజుల్లో చేరేది.

ఒకరోజు చిరుగాలి అనే గుర్రం ఆ అడవికి వచ్చాడు. తెల్లవారి బయలుదేరితే పొద్దు నెత్తిమీదికి రాకముందే కొండ అవతల ఉంటాడు!

బుచ్చయ్యకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. ఇవతల సీతాఫలాలు విరగకాస్తాయి. అవతలివాళ్ళు వాటి పేరు విన్నారే గానీ రుచి ఎరగరు. పండిన సీతాఫలం రెండో రోజుకు ఆగదు కదా! రెండు గంపలు గుర్రంమీద పంపాడు. సంతలో కోతులు ఎగబడి తిన్నాయి. మూతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయాయి.

"శభాష్ బుచ్చయ్యా!" అని సంత అంతా మెచ్చుకుంది.

అంతే! బుచ్చయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. కాళ్ళు నేలమీద ఆగలేదు.

"ఇంకా ఆ ముసలి గాడిద ఎందుకు? నత్తనడక తాబేలు ఎందుకు? ఇకనుంచి అన్నిటికీ గుర్రమే!" అని ఆ సాయంత్రమే ఇద్దరికీ పని లేదని కబురు పెట్టాడు.

మరుసటి వారం సంతకు కుండలు, బెల్లం, సీతాఫలాలు అన్నీ గుర్రానికే అప్పగించాడు. చిరుగాలి కుండల వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అన్నా, ఇవి..." అన్నాడు.

"నువ్వు పరుగెత్తు తమ్ముడూ! ఆలోచించడం నా పని," అని బుచ్చయ్య రెండు రోజుల ముందే సంతకు బయలుదేరాడు.

గుర్రమంటే ఊరికే నడుస్తుందా? చిరుగాలి గెంతాడు. మొదటి వాగు దాటేసరికి కుండలు పెంకులయ్యాయి. రెండో వాగు దాటేసరికి పెంకుల కింద పళ్ళు గుజ్జయ్యాయి. ఇక ఎండ, పైగా గుర్రం చెమట! బెల్లం కరిగి కడుపు కిందికి కారింది. తేనెటీగలు ఊరుకుంటాయా? చిరుగాలి సంతలోకి వచ్చాడు. సంతలో ఆగకుండా సంత దాటి పోయాడు. వెనక తేనెటీగలు. వాటి వెనక, "ఆగు తమ్ముడూ, ఆగు!" అంటూ బుచ్చయ్య.

ఆ సంతకు ఒక కట్టుబాటు ఉంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి చోటులో పనికొచ్చే సరుకు ఉండాలి. వరుసగా మూడు సంతలు లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మద్దిచెట్టు నీడమీద నక్క ఎప్పటినుంచో కన్నేసి ఉంది. ఆరోజే ఒక చీపురు పట్టుకొచ్చి, చోటులో ఒక మూల ఊడ్చింది.

"ఏం లేదులే బుచ్చయ్యా, ముందే అలవాటవుతుందని!" అంది.

బుచ్చయ్యకు ఒళ్ళు మండింది. కోపమంతా గుర్రంమీదికి మళ్ళింది. "తప్పంతా వాడి గెంతులది. ఈసారి అన్నీ తాతకే!" అని, పళ్ళూ బెల్లమూ కుండల్లోనే సర్ది తెప్పకెక్కించాడు.

"ఒరేయ్ బుచ్చయ్యా, బెల్లం..." అన్నాడు తాబేలు తాత.

"తాతా, నువ్వు ఈదితే చాలు!"

తాత ఈదాడు. నీళ్ళు చిమ్మి బెల్లం పానకమైంది. పళ్ళు చితికి అందులో కలిశాయి. నాలుగు రోజుల ఎండకు అదంతా పులిసి నురగలు కక్కింది. దారిలో దాన్ని తాగిన చేపలు తెప్ప వెనకే వెల్లకిలా ఈదుతూ వచ్చాయి. ఆ వాసనకు కుండల దగ్గరికి ఎవరూ రాలేదు.

సంత పెద్ద అయిన ఏనుగు తొండం పక్కకు తిప్పుకుని, "ఇది సరుకు కాదు నాయనా!" అన్నాడు.

నక్క ఇంకొంచెం ఊడ్చింది.

ఇంటికి వచ్చి బుచ్చయ్య ఏడ్చాడు. నాన్న సంపాదించిన చోటు! అక్కడే తాను నడక నేర్చుకున్నాడు. ఇంకొక్క సంత చెడితే అది నక్కది. మొహం చెల్లకపోయినా పోలమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అత్తా, ఈసారి అన్నీ నువ్వే మోయాలి."

పోలమ్మ గడ్డి నమలడం ఆపింది. "మళ్ళీ అన్నీ ఒకరికేనా? మీ నాన్న సరుకు ఎలా పంపేవాడో గుర్తుందా?"

"ఎలా?"

"బస్తా ముందు నా ఎదుట నేలమీద పెట్టేవాడు. 'మోస్తావా పోలమ్మా?' అని అడిగేవాడు. నేను వాసన చూసి ఔనంటేనే ఎత్తేవాడు. మోసేది మేము కదరా! ఏది ఎక్కడ పాడవుతుందో మా వీపుకు తెలుస్తుంది. నువ్వు ఒక్కరినైనా అడిగావా?"

బుచ్చయ్య తల దించుకున్నాడు. నేరుగా వెళ్ళి గుర్రానికీ తాబేలుకూ క్షమాపణ చెప్పాడు. ముగ్గురినీ పిలిచి, మూడు సరుకులూ నేలమీద పెట్టి అడిగాడు.

చిరుగాలి కుండలు చూసి వెనక్కి జరిగాడు. బెల్లం చూసి ఇంకా వెనక్కి జరిగాడు. పళ్ళు చూసి సకిలించాడు.

తాత బెల్లాన్ని మూతితో పక్కకు నెట్టి, కుండల పక్కన చేరాడు.

"అత్తా, పళ్ళు నువ్వు కూడా కొన్ని..." అన్నాడు బుచ్చయ్య.

"వద్దురా! రెండు రోజులు నా పక్కన పళ్ళుంటే సంతకు గింజలే చేరతాయి. నా సంగతి నాకు తెలుసు. బెల్లం ఇలా ఇవ్వు."

కుండలు నాలుగు రోజుల ముందే బయలుదేరాయి. బెల్లం రెండు రోజుల ముందు కదిలింది. పళ్ళు సంతనాటి ఉదయం.

పోలమ్మతోపాటు నడిచివచ్చిన బుచ్చయ్య కొండ దిగుతూ మద్దిచెట్టు వైపు చూశాడు. నక్క చోటంతా ఊడ్చేసి, నడుమ ఒక నల్లరాతి మీద దర్జాగా కూర్చుని ఉంది. ఏనుగు తలెత్తి పొద్దు చూస్తున్నాడు.

"ఇక ఈ చోటు నాదే కదా పెద్దయ్యా?" అంది నక్క.

అప్పుడు రాయి మాట్లాడింది.

"నా తోక దగ్గర ఇంకొంచెం ఊడ్చు నాయనా! కుండలు దించుకోవాలి."

నక్క ఎగిరి అంత దూరాన పడింది. తాత తెల్లవారకముందే చేరి, తల లోపలికి లాక్కుని కునుకు తీస్తున్నాడు! కోతులు ఒడ్డునున్న తెప్పమీదినుంచి కుండలు దించాయి. ఒక్కటీ బీటలు వారలేదు. పోలమ్మ బెల్లం దించింది. అచ్చులు అచ్చుల్లాగే ఉన్నాయి. ఇంతలో కొండమీదినుంచి గిట్టల చప్పుడు వినిపించింది. పొద్దు నెత్తిమీదికి వచ్చేలోగా సీతాఫలాల గంపలు కూడా వరసలో చేరాయి.

నక్క చీపురు ఈడ్చుకుంటూ వెళ్ళబోయింది. బుచ్చయ్య పిలిచాడు.

"సంతంతా వినిపించేలా సరుకు పేరు అరవాలి. నీ అంత గొంతు ఎవరికీ లేదు. అరుస్తావా?"

నక్క చీపురు పారేసింది. "పళ్ళో! సీతాఫలం పళ్ళో!" అని ఊళ వేసేసరికి కొండకు ఇవతలి కుందేళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి.

పోలమ్మకు ఆనందం పట్టలేదు. బుచ్చయ్య వీపు తట్టాలని కాలెత్తింది. ముళ్ళు చూసి ఆగింది. నాన్న పాటించిన మర్యాద గుర్తుకొచ్చి బుచ్చయ్యే ముందుకు వచ్చి, నున్నటి ముక్కు చాపి అడిగాడు.

"ఇక్కడ తడతావా అత్తా?"

పోలమ్మ వాసన చూసి, "ఔను" అంది.

నీతి: ఏ సరుకుకు ఏ ప్రయాణం తగునో మోసేవాళ్ళకే బాగా తెలుసు, బరువు ఎత్తే ముందు వాళ్ళను అడగాలి.