ఇసుక ఊడ్చిన నూకాలు

ఒకప్పుడు, అంటే సముద్రం అడుగున ఇసుకని ఊడ్చే దిక్కే లేని రోజుల్లో, సముద్ర దోసకాయ పేగులు దాని కడుపులోనే ఉండేవి. ఎవరు గిల్లినా, ఎవరు పక్కకి దొర్లించినా బయటికి వచ్చేవి కావు. ఇప్పుడు అలా కాదు. ఎందుకు కాదో చెబుతాను, కూర్చోండర్రా. మధ్యలో ఒకచోట మీకు నవ్వొస్తుంది. అక్కడే నవ్వేసుకోండి, తర్వాత నవ్వడానికి ఏమీ లేదు.

సముద్ర దోసకాయ చూడ్డానికి అచ్చం దోసకాయలాగే ఉంటుంది. ఎముక లేదు, పెంకు లేదు, గోరు లేదు. కాళ్ళున్నాయి గానీ అవి చీమ కాళ్ళంత. మన కథలో దోసకాయ పేరు నూకాలు.

నూకాలుకి ఇల్లు లేదు. కెరటం ఎటు తోస్తే అటు దొర్లేది. వచ్చేపోయే చేపలు ఓ కొరుకు కొరికి, బాగాలేదని ఉమ్మేసి పోయేవి. ఒంటి మీద ఒక గాయం మానేలోపు ఇంకోటి పడేది.

అక్కడికి దగ్గర్లోనే పగడాల గుట్ట ఉండేది. దాని నిండా గూళ్ళే. గుట్టకి పెద్ద వీర్రాజుగారనే పాము చేప. ఎవరికి గూడు ఇవ్వాలన్నా ఆయనే ఇవ్వాలి. గుట్టలో ఉన్నవాళ్ళందరికీ తిండికి లోటు లేదు. తిన్నంత తినేవారు, మిగిలింది గుమ్మంలోంచి కింద ఇసుక మీదికి విసిరేసేవారు. పెంటికలు కూడా అక్కడే. మనింటి ముందు కాదు కదా అని ఎవరికి వారే అనుకునేవారు.

ఏళ్ళు గడిచేసరికి ఇసుక నల్లబడింది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు మొదలైంది. ఆ కంపు నీళ్ళలో కలిసి పసిచేపలు ఒక్కొక్కటే సోలిపోతుంటే అప్పుడు వీర్రాజుగారికి మెలకువ వచ్చింది.

"ఊడ్చేవాళ్ళు కావాలి. ఎవరెవరు వస్తారో రండి" అని కబురు పెట్టాడు.

ముందు సన్యాసిరావు వచ్చాడు. వాడు సన్యాసి పీత. వీపు మీద వేరేవాళ్ళ గుల్ల మోసుకు తిరుగుతాడు.

"ఏం తింటావు?" అని అడిగాడు వీర్రాజుగారు.

"మీరు పారేసిందేనండి. నాకు ఆశ లేదు, పేరులోనే ఉంది కదండీ."

వాడితోపాటు అరడజను నత్తల్ని కూడా పనిలో పెట్టారు. నాలుగు రోజులకి చూస్తే నత్తలు మూడే ఉన్నాయి. సన్యాసిరావు వీపు మీద కొత్త గుల్ల తళతళలాడుతోంది.

"ఇల్లు ఖాళీగా ఉంటే దూరానండి" అన్నాడు.

ఇల్లు ఎలా ఖాళీ అయిందో ఎవరూ అడగలేదు. ఎంతైనా ఇల్లున్నవాడు. పని మాన్పించి, గుట్టలోనే ఉండమన్నారు.

తర్వాత నక్షత్ర చేప వచ్చింది. ఇసుకలోకి దూరి, అందులో ఉన్న చిన్నచిన్న పురుగులన్నిటినీ తినేసింది. పాపం ఆ పురుగులే ఇసుకని గుల్లగా ఉంచేవి. అవి పోయాక ఇసుక గచ్చులా గట్టిపడింది. తినడానికి ఇంకేం లేక నక్షత్ర చేప చిక్కి శల్యమై, అన్నం పెట్టండని గుమ్మాల వెంట తిరిగింది. దాన్ని పంపేశారు.

ఆ తర్వాత ఇసుక దులిపే చేప ఒకటి వచ్చింది. నోటినిండా ఇసుక పట్టి, పైకి ఈది, అక్కడినుంచి జల్లేది. పని బాగానే చేసేది గానీ జల్లిందంతా పగడాల నోట్లో పడేది. పగడాలు ఊరుకుంటాయా? వారంపాటు చెవులు చిల్లులు పడేలా అరిచాయి. దాన్నీ పంపేశారు.

అప్పుడు దొర్లుకుంటూ నూకాలు వచ్చింది.

"నువ్వేం తింటావే?"

"ఇసుకే తింటానండి. అందులో ఉన్న మురికి నా కడుపులో ఉంచుకుని, ఇసుక మీకిచ్చేస్తాను."

"ఎలా ఇస్తావు?"

"ముందునుంచి తిని వెనకనుంచి ఇస్తానండి."

ఇదిగో, నవ్వొచ్చే చోటు ఇదే. గుట్టలో వాళ్ళు కూడా పడీపడీ నవ్వారు. నూకాలు మాత్రం నవ్వలేదు.

"కూలి ఏం కావాలి?" అన్నాడు వీర్రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ.

"ఒక గూడు ఇప్పించండి అయ్యగారూ. ఎంత చిన్నదైనా సరే. ఈ కెరటాలకి దొర్లలేకపోతున్నాను."

"ఇసుక తెల్లబడనీ. ఇస్తాను."

నూకాలు పనిలోకి దిగింది. ఆ మురికి ఎలా ఉండేదో మీకు చెబితే అన్నం తినరు. మొదటి రోజు తిన్నది తిన్నట్టే కక్కుకుంది. రెండో రోజు కళ్ళు మూసుకుని మింగింది. మూడో రోజుకి అలవాటు చేసుకుంది. గుట్టలో వాళ్ళు పైనుంచి విసురుతూనే ఉన్నారు, ఒక్కోసారి దాని నెత్తిమీదే పడేది. "అక్కడెందుకున్నావే?" అని దాన్నే కసిరేవారు.

గూడు సంగతి అడిగితే వీర్రాజుగారు వచ్చే పున్నమికి అనేవాడు. ఎన్ని పున్నములో నూకాలు లెక్క మర్చిపోయింది. కానీ ఇసుక మాత్రం జానా బెత్తెడూ తెల్లబడుతూ వచ్చి, ఒకరోజుకి మొత్తం పిండి ఆరబోసినట్టు అయింది. ఇక వంక దొరక్క వీర్రాజుగారు గుట్ట అడుగున ఒక మూల గూడు చూపించాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్."

నూకాలు ఆగలేక ఆ సాయంత్రమే ఒకసారి లోపలికి వెళ్ళి చూసుకుంది. నడుం వాల్చింది. కెరటం బయటే ఉండిపోయింది. ఒళ్ళు ఎటూ దొర్లలేదు. పుట్టాక అలా కదలకుండా పడుకోవడం అదే మొదలు. కాసేపు ఉండి, ఇంకా మనది కాదు కదా అనుకుని బయటికి వచ్చేసింది. చూశారా దాని నీతి!

మర్నాడు పొద్దున్నే గొల్లున ఏడుపు వినిపించింది. చిట్టెమ్మ అనే చారల చేప, ఇసుక శుభ్రంగా ఉంది కదా అని గుట్ట ముందు గుంట చేసుకుని గుడ్లు పెట్టుకుంది. తెల్లారేసరికి గుంటలో ఒక్క గుడ్డు లేదు. అందరూ మూగారు.

"ఇసుకలో ఉన్నదంతా మింగేది ఎవరండీ?" అన్నాడు సన్యాసిరావు. "నేను అనడం లేదు. అడుగుతున్నాను, అంతే."

వాడి మీసానికి పచ్చసొన అంటుకుని ఉంది. ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు కూడా చూడలేదనుకోండి.

"ఏమే నూకాలూ, నా పిల్లల్ని మింగావా?" అంది చిట్టెమ్మ.

"లేదమ్మా. నీ గుంట చుట్టూ జానెడు వదిలేసి ఊడ్చాను. ఇసుక మీద నా జాడ చూడండి, తెలుస్తుంది."

ఆ జాడ మీదే అందరూ నిలబడి ఉన్నారు. తొక్కేశారు.

"జాడ ఏదీ?" అన్నాడు వీర్రాజుగారు. "కడుపు చూస్తే గానీ తేలదు. చూపించావంటే ఏ గొడవా లేదు, వెళ్ళి నీ గూట్లో పడుకో. చూపించలేదా, దొంగవే."

నూకాలు గూటి వైపు చూసింది. అది ఎంతో దూరం లేదు. ఇన్నేళ్ళూ ఓర్చుకున్నాను, ఇదొక్కటీ ఓర్చుకుంటే సరిపోతుంది అనుకుంది. గట్టిగా ఊపిరి బిగపట్టింది. ఒళ్ళంతా మెలితిప్పింది. పేగులన్నీ బయటికి తీసి ఇసుక మీద వాళ్ళ ముందు పెట్టింది.

వాళ్ళు నిజంగానే వెతికారర్రా. సన్యాసిరావు డెక్కలతో ఒక్కొక్క పేగూ విప్పి చూశాడు. గుడ్డు కాదు కదా, గుడ్డు పొర కూడా లేదు. అందులో ఉన్నదంతా నల్లటి మురికి. కొన్నేళ్ళుగా గుట్టమీంచి పడిన మురికి.

చిట్టెమ్మ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. పొరబాటు పడ్డాను అని ఒక్క మాట అనలేదు. ఎవరూ అనలేదు.

"నేను తియ్యలేదని తెలిసింది కదా అయ్యగారూ," అంది నూకాలు. "నా గూట్లోకి పోతాను."

వీర్రాజుగారు ఆ కుప్ప వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"లోపల ఇంత మురికి పెట్టుకుని గుట్టలోకి ఎలా వస్తావే? పిల్లలున్న ఇళ్ళు."

"అది మీదేనండి," అంది నూకాలు.

ఆ మాట విననట్టు ఆయన గుట్టలోకి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పోయేలోపు అది కాస్త ఎత్తేసి పో."

నూకాలు ఎత్తేసి పోయింది. ఖాళీ కడుపుతో, చీమ కాళ్ళతో, గుట్టకి దూరంగా నడిచి ఇసుక మీద పడుకుంది. మళ్ళీ పేగులు మొలిచేదాకా చాలా రోజులు అలాగే పడి ఉంది. ఈలోగా ఆ మూల గూట్లో సన్యాసిరావు సామాను పెట్టుకున్నాడు. పేగులు మొలిచాక ఆకలేసింది. వేరే తిండి తినడం మర్చిపోయింది కాబట్టి మళ్ళీ ఇసుకే తింది.

అప్పటినుంచే సముద్ర దోసకాయ ఏ గూడూ అడగదు. ఆరుబయట ఇసుక మీదే బతుకుతుంది, ఎవరో పారేసింది తిని తెల్లటి ఇసుక వెనక వదిలిపెడుతుంది. దాని మీద ఎవరైనా చెయ్యి వేశారో, అది ఎందుకని అడగదు. నేను కాదు అని కూడా అనదు. పేగులు తీసి ముందు పడేస్తుంది.