గండుపిల్లికి పందికొక్కు వైద్యం

సముద్రం ఒడ్డున కాసులమ్మ చేపలు ఎండబెట్టే దొడ్డిలో మూడు ప్రాణులుండేవి. చేపలకు కాపలా కాసే గండుపిల్లి దొరబాబు ఒకడు. ఆ చేపల మీదే కన్నేసి గోడవార కలుగులో కాపురముండే పందికొక్కు ఒకడు. వీళ్లిద్దరి మధ్యా అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన ముసలి కోడిపెట్ట పేరమ్మ. మొత్తం దొడ్డికి బుర్ర అనేది తనకొక్కదానికే ఉందనీ, ఆ బరువంతా తన మెడ మీదే పడిందనీ ఆవిడ బాధ.

ఆ ఉదయం దొరబాబు బూడిదకుప్ప మీద కూర్చున్నాడు. లేచాడు. నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చున్నాడు. చూసి చూసి పేరమ్మకి విసుగెత్తింది.

"ఏంట్రా ఆ కూర్చోడం, లేవడం? గుడ్డు పెడతన్నావా ఏంటి?"

"నా సరిహద్దులు నేనేసుకుంటన్నానత్తా. మగపుట్టక పుట్టాక తప్పదు గదా."

"ఏదిరా నీ సరిహద్దు? నువ్వు లేచాక కెలికి చూశాను. బూడిద పొడిపొడిగానే ఉంది!"

దొరబాబు మీసాలు వాలిపోయాయి. "ఒంటికి అవ్వట్లేదత్తా. చుక్క పడట్లేదు, ఒకటే మంట. ఎవరికీ చెప్పకు, పరువు పోద్ది."

కలుగులోంచి పందికొక్కు మూతి బయటికొచ్చింది. "మనలో మనకి పరువేంటి బావగారూ! నా దగ్గర మందుంది. నీళ్లు మానెయ్యండి. లోపలికి పోస్తేగదా బయటికి పొయ్యాలి! ఉప్పుచేప మాత్రం దండిగా తినండి. బలం."

"ఎంత బాగా చెప్పాడత్తా!" అన్నాడు దొరబాబు.

పేరమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఒరే సన్నాసీ! నువ్వు చస్తే పండగ చేసుకునేవాడురా వాడు! వాణ్ణా మందడిగేది? వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతం చెప్తాడంట!"

విన్నాడా? వినలేదు. నీళ్లతొట్టి వంక చూడకుండా ఉప్పుచేపలు నమిలాడు. మధ్యాహ్నానికి అవీ సయించక, గంపల వెనక నక్కి మూలగడం మొదలెట్టాడు. కాసులమ్మ చూడనైతే చూసింది. చూసి ఏం లాభం? "అయ్యో, నా తండ్రికి విరేచనం అవ్వట్లేదు" అని నోరు తెరిపించి ఆముదం పోసింది.

పేరమ్మ తల గోడకేసి కొట్టుకోవడమొక్కటే తక్కువ. మనిషికి కోడి మాట తెలీదు, పిల్లికి బుద్ధి లేదు. రోగమొకటి, మందొకటి. ఇలాగే ఉంటే వీడు దక్కడు. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు వీణ్ణి రెక్క కింద పెట్టుకుని పెంచింది తనే. ఆ సంగతి తలుచుకోగానే కోపమంతా పోయి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నలుదిక్కులా చూసింది. ఇసుక మీద కాసులమ్మ ఉతికి ఆరేసిన తెల్లదుప్పటి కనపడింది.

"లేరా! పోయి ఆ దుప్పటి మీద కూర్చో."

"అత్తా! చీపురు తిరగేస్తది."

"తిరగెయ్యనీ! బూడిదలో కప్పెట్టుకుంటే నీ రోగం ఎవరికి తెలుస్తది? కూర్చుంటావా, కళ్లు పొడిచెయ్యమంటావా?"

దొరబాబు ఈడ్చుకుంటూ వెళ్లి కూర్చుని ముక్కాడు. పేరమ్మ ఊరంతా లేచేలా కొక్కొక్కోమని అరిచింది. కాసులమ్మ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఉతికిన దుప్పటే దొరికిందా నీకు!" అని ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తెల్లగుడ్డ మీద ఒకే ఒక్క బొట్టు. అదీ నెత్తురు. పొట్ట తడిమితే కింద బంతిలా గట్టిగా తగిలింది. "ఓరి నాయనో, ఒంటికే అవ్వట్లేదా నీకు!" అంటూ చీపురు పారేసి, పిల్లిని మూత ఉన్న చేపల గంపలో పెట్టుకుని, ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పోయింది.

అక్కడ డాక్టరమ్మ సన్నటి గొట్టం వేసి మూత్రం తీసిందట. "మగపిల్లులకి దారి సన్నం, ఇట్టే మూసుకుపోతుంది. ఇంకాస్త ఆలస్యమైతే పోయేవాడు. నీళ్లు బాగా తాగించు, ఉప్పుచేప పెట్టకు" అని చెప్పి, కోలుకునేదాకా తన దగ్గరే ఉంచుకుందట.

నయమయ్యాక కాసులమ్మ అదే గంపలో తెచ్చి అరుగు మీద దింపి, మూత వదులు చేసి, తాళం తియ్యడానికి వెళ్లింది. గంపకు చేపల వాసన ఎక్కడికి పోతుంది? పందికొక్కు ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు.

"ఏంటి పేరమ్మా లోపల?"

"దొరబాబు," అంది పేరమ్మ. అబద్ధమాడే ఓపిక కూడా ఆవిడకి మిగల్లేదు. "బాగై వచ్చాడు. దగ్గరికెళ్లకు."

పందికొక్కు పకపకా నవ్వాడు. "నా మందు తిన్నవాడు బాగవడమా! చేపలు దాచుకోడానికి నా దగ్గరా నాటకాలు?" అంటూ గంపలోకి తల దూర్చాడు.

"రండి బావగారూ, రండి!" అని లోపల్నుంచి వినపడింది.

పందికొక్కు ఎలాగో బయటపడ్డాడు గానీ ఒక చెవి లోపలే ఉండిపోయింది. కుయ్యోమొర్రోమంటూ గోడ దూకినవాడు మళ్లీ ఆ దొడ్డి ఛాయలకు రాలేదు.

దొరబాబు మీసాలు దువ్వుకుంటూ, "చూశావా అత్తా నా దెబ్బ?" అన్నాడు.

"చూశాను గానీ, ముందు పోయి నీళ్లు తాగి చావు!" అంది పేరమ్మ.

నీతి: అయినవాళ్ల దగ్గర దాచిన రోగం, కానివాడు చెప్పిన మందు, రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.