నక్క తేల్చిన చిన్న నష్టం

ఒక వాగుకు అటో రాజ్యం, ఇటో రాజ్యం. అవతలి గట్టు ఏనుగు భీమన్నది. ఇవతలి గట్టు పులిరాజుది. పులిరాజుకు మంత్రి కొండయ్య అనే నక్క. ఇవతలే, ఇప్పతోపులో, ముసలి ఎలుగుబంటి గంగులమ్మ కాపురం. మూడేళ్ల కిందట తన తేనెపట్టు కొండయ్య కాజేసిన సంగతి ఆవిడ మరిచిపోలేదు. సభలో ఎప్పుడూ అతనికి వీపు పెట్టే కూర్చునేది.

ఆ ఏటి సభకు భీమన్న చుట్టంగా వచ్చాడు. కొండయ్య లేచాడు.

"ఏలికా, కిందటేడు మీరు గాండ్రించకుండా ఊరుకున్నారు. కలపవాళ్లు వచ్చి నూరు చెట్లు కొట్టుకుని మనకు గంపెడు కోళ్లిచ్చారు. ఈసారి ఇప్పతోపు అడుగుతున్నారు. వాగవతల వెయ్యి చెట్లు పోయాయి. అందులో పదో వంతే మనకు పోయింది. వాళ్లకన్నా మనమే నయం."

పులిరాజు తల ఊపబోయాడు. ఆ తోపు పోతే ఈ వయసులో గంగులమ్మ ఎక్కడ తలదాచుకోవాలి?

వీపు తిప్పకుండానే అడిగింది. "భీమన్నా, మీ తేనెటీగలు ఎటుపోయాయి?"

"ఎటూ పోలేదు పెద్దమ్మా. అడవి ఒక మూల పలచబడింది. అదీ బాధే అనుకో. కానీ ఊటలు ఎండలేదు."

"మా ఊట మాఘంలోనే ఎండింది. ఒక్క పట్టూ మిగల్లేదు. తేనె కోసం మీ గట్టుకు పూటంతా నడుస్తున్నా."

"నడిస్తే మంచిదేగా పెద్దమ్మా, కాస్త ఒళ్లు తగ్గుతుంది," అన్నాడు కొండయ్య. "నూరు పెద్దదా, వెయ్యి పెద్దదా? లెక్క రానివాళ్లతో ఏం వాదిస్తాం?"

సభ నవ్వింది. గంగులమ్మ నవ్వలేదు. ఆవిడకు చదువు లేదు గానీ, ఎవరి గూట్లో ఏముందో బాగా తెలుసు.

"సరే, వెయ్యే పెద్దది. ఇక సభ తిండి సంగతి చూద్దాం," అంది.

ఆ అడవిలో సభ ముగిసేలోపు వాదన తెచ్చినవాడూ వచ్చిన చుట్టమూ అందరికీ తిండి పెట్టాలి. ఎవరెంత పెట్టాలో సభలో పెద్ద చెబుతుంది. ఆ పెద్ద గంగులమ్మే.

"భీమన్న ముప్పై మోపుల వెదురు పెట్టాలి."

"అంతేనా? సాయంత్రానికి తెప్పిస్తా," అన్నాడు ఏనుగు.

"కొండయ్య మూడు కోళ్లు పెడితే చాలు. ముప్పైలో పదో వంతు. భీమన్నకన్నా కొండయ్యే నయం."

కొండయ్య మొహం మాడిపోయింది. "ఇదేం న్యాయం? ఆయనకు కొండ నిండా వెదురుంది. నా దగ్గర మిగిలినవే మూడు కోళ్లు. మూడూ పెట్టేస్తే నేనేం తినాలి?"

గంగులమ్మ మూడేళ్లలో మొదటిసారి అతనివైపు తిరిగింది.

"ఆ మాటే తోపు గురించీ అను నాయనా, వింటాం."

పులిరాజు మంత్రిని అడిగాడు. "మొదట మనకు ఎన్ని చెట్లుండేవి?"

"మూడొందలు," అని నసిగాడు కొండయ్య.

"మీకు భీమన్నా?"

"లెక్కపెట్టబోయి మా తాతే మధ్యలో అలిసిపోయాడు దొరా."

పులిరాజు ఇంకేమీ అడగలేదు. తోపు వైపు తిరిగి ఒక్క గాండ్రింపు గాండ్రించాడు. తోపు పక్కన గుడారాలేసిన కలపవాళ్లు గొడ్డళ్లు వదిలేసి పరుగెత్తారు.

మూడు కోళ్లూ సభకు వచ్చాయి. గంగులమ్మ కోడి తినదు. అయినా ఒకటి చంకన పెట్టుకుంది, పోయిన తేనెపట్టు బాకీ కింద.

నీతి: మన నష్టం పెద్దదో చిన్నదో పక్కవాడికి పోయినదాన్ని బట్టి కాదు, మనకు ఉన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.