సీసాలో సాక్షి

ఓబుళమ్మకు ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏది అడిగినా ఆ రోజే జవాబు చెప్పేది కాదు. "నీ ప్రశ్న ఇంకా పచ్చిగా ఉంది, మాగనీ" అనేది. అందుకే కొండ కింది ఆమె మఠంలో శిష్యులు తక్కువ. అడగకముందే జవాబులు చేతిలో పెట్టే గురువులు ఆ చుట్టుపక్కల కావలసినంతమంది ఉన్నారు.

ఆ తక్కువమందిలో ఒకడు పెంచలయ్య. కొండ మీంచి తెచ్చిన కట్టెలమోపు విప్పుతుంటే అతనికి అందులో ఒక కొండబల్లి దొరికింది. జానెడు పొడవు, ఒళ్ళంతా చుక్కలు. అంగట్లో బిళ్ళలు పోసే గాజుసీసాలో దాన్ని వేసి, మూతకు మేకుతో చిల్లులు పొడిచి, గురువు కూర్చునే అరుగు మీద పెట్టాడు. ఆ సాయంత్రం ఓబుళమ్మ ఏదో చెబుతుండగా అది టిక్కు టిక్కుమంది. కూర్చున్నవాళ్ళంతా చూపుడువేలితో నేలను మూడుసార్లు తట్టి "సత్యం" అన్నారు. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని మనవాళ్ళ నమ్మకం. మర్నాడూ పలికింది. మూడోనాటికి మఠంలో కూర్చోవడానికి చోటు చాలలేదు.

"అమ్మా, దీన్ని ఉంచుకుందామా, వదిలేద్దామా?" అని అడిగాడు పెంచలయ్య. వదిలేద్దామన్నది మర్యాద కోసం చేర్చిన మాట.

"మాగనీ" అంది ఆమె.

మాగడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో సీసాలో ఒక్క పురుగు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. దణ్ణాలు మాత్రం పెట్టారు. బల్లి పలకడం మానేసింది. దేవుళ్ళలాగే అదీ మౌనం పట్టిందనుకున్నారు.

అంతలో ఊరి పెద్ద చలమారెడ్డి గడ్డివామి తగలబడింది. అంతకు వారం ముందే కాలువ నీళ్ళ కోసం మారెక్క అతనితో నలుగురిలో గొడవపడింది. మారెక్క ఒంటరిగా బతికే మనిషి, పైగా నోరున్న మనిషి. చలమారెడ్డికి ఇంకో రుజువు అక్కరలేకపోయింది. అయినా న్యాయం చేసినట్టు కనపడాలి కనుక ఆమెను మఠానికి తీసుకొచ్చి, ఊరందరి ఎదుట సీసా ముందు నిలబెట్టాడు. బల్లి పలికితే సరి. పలకకపోతే పొద్దుగూకేలోగా ఆమె ఊరు విడవాలి.

"నేను నిప్పు పెట్టలేదు" అంది మారెక్క.

బల్లి కదల్లేదు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు చలమారెడ్డి.

"ఒకసారి చెప్పినా. రెండోసారి చెబితే నిజం పెరుగుతుందా?"

"చూశారు కదా, పలకలేదు. పో, సామాను సర్దుకో."

అంతవరకు అరుగు మీద ఊరికే కూర్చున్న ఓబుళమ్మ అప్పుడు నోరు విప్పింది. "చలమారెడ్డీ, మీ నాయన పేరేంది?"

"ఊరందరికీ తెలిసిందే కదమ్మా."

"ఊరికి తెలుసు. సీసాకు తెలియొద్దా? చెప్పు."

"బాలిరెడ్డి."

అందరూ సీసా వైపు చూశారు. బల్లి డొక్క ఎండిపోయి, గాజుకు అతుక్కుని ఉంది.

"గట్టిగా చెప్పప్పా, దానికి వినపడలేదేమో."

"బాలిరెడ్డి" అన్నాడతను మళ్ళీ, చెవులు ఎర్రబడగా. బల్లి ఈసారీ పలకలేదు. వెనక ఎవరో నోట్లో తువ్వాలు కుక్కుకున్నారు.

"భయపడకు. మీ అమ్మను నేనెరుగుదును" అంది ఓబుళమ్మ. "ఆమె మాట నాకు చాలు."

"నాలుగు దినాలుగా తిండి లేని జీవం, యాడ పలుకుతుంది?" అని కసిరాడు చలమారెడ్డి.

"దాని ఆకలి మారెక్క వంతు వచ్చినప్పుడు గుర్తుకు రాలేదే."

పెంచలయ్యకు మారెక్క మీద జాలి కలిగింది. జాలిగల మగవాళ్ళకు తోచే ఉపాయమే అతనికీ తోచింది. "అమ్మా, నేను పురుగులు పట్టి పెడతాను. ఇంకో రెండు రోజులు ఉంచుదాం. బలం పుంజుకుంటే అక్క పక్షాన తప్పక పలుకుతుంది" అన్నాడు. పరువు దక్కే దారి దొరికింది కనుక చలమారెడ్డీ తల ఊపాడు. ఇక అందరూ మారెక్క సరే అనడం కోసం చూశారు.

ఆమె అరుగు మీది సీసా అందుకుంది. "పలికినా నాకొద్దు" అంది. "ఇయ్యాల వామి, రేపు ఇంకోటి. నేను నోరు తెరిచినప్పుడల్లా దీన్ని చంకనేసుకుని తిరగాల్నా?" మూత తిప్పి పారేసి, సీసాను అరుగు పక్కనున్న రాతిగోడ మీద పడుకోబెట్టింది. బల్లి నమ్మనట్టుగా కాసేపు అక్కడే ఉండి, ఆ తరువాత బయటికొచ్చి రాళ్ళ సందులో దూరిపోయింది.

"సాక్ష్యం పోగొట్టింది, చూడండి" అన్నాడు చలమారెడ్డి.

"నిప్పు పెట్టగా చూసిన మనిషిని తీసుకురా, వింటాను" అంది ఓబుళమ్మ. "అందాకా ఆమె ఇంట్లో ఆమె ఉంటుంది. ఎవరన్నా ఆమె సామాను వీధిలో వేస్తే, దాని పక్కనే నా చాప పరుచుకుంటా. నన్ను దాటి పోండి."

చూశామంటూ ఎవరూ రాలేదు. రెండు వారాలు గడిచినా మారెక్క పొయ్యి ఆమె ఇంట్లోనే వెలుగుతోంది.

అప్పుడొక మధ్యాహ్నం పెంచలయ్య, గోడ నీడలో కూర్చున్న గురువు దగ్గరికి వచ్చాడు. "వదిలెయ్యడమే మంచిదైంది కదమ్మా. పాపం, మారెక్క ఏ తప్పూ చెయ్యలేదు" అన్నాడు.

రాళ్ళ సందులోంచి టిక్కు టిక్కుమని వినిపించింది.

పెంచలయ్య ముఖం వెలిగిపోయింది. "సత్యం, అమ్మా, సత్యం" అంటూ వంగి నేలను తట్టబోయాడు. ఓబుళమ్మ అతని చూపుడువేలిని గాలిలోనే పట్టుకుంది.

"అది పలికినప్పుడల్లా నా మాటకు బరువొచ్చిందని నేనూ మురిసినాను. నా తప్పు నేను ఒప్పుకుంటా" అంది. "నీ సంగతి చెప్పు. ఆ రోజు నిప్పు పెట్టలేదని మారెక్క చెప్పినప్పుడు ఈ వేలు ఏం చేస్తా ఉండె?"