గోవిందరాజులు గారి పనస పెన్ను

పరాంకుశం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే "ఊఁ, చూద్దాం" అని ఉలికి పదును పెట్టుకోవడం ఆయన అలవాటు. జవాబు ఆ పూటే రావచ్చు, నెల పోయాక రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. కాకినాడలో ఆయన పెరటి రేకుల షెడ్డుకు ఆదివారాలు చేరేవాళ్ళందరికీ ఇది తెలుసు. వాళ్ళలో ఒకాయన పళ్ళ డాక్టరు, ఒకాయన రైల్వేలో గార్డుగా రిటైరైనవాడు, మరొకరు ఆర్డీవో ఆఫీసు గుమాస్తా. ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. లేత్ మిషను మీద చెక్కముక్కను తిప్పి, ఉలితో చెక్కి, నున్న చేసి, పాళీ బిగించి పెన్ను తయారుచెయ్యడం వాళ్ళ సరదా. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం అందరూ తలా ఒక పెన్ను తెచ్చి వెదురుబుట్టలో వేస్తారు. పైన తువ్వాలు కప్పుతారు. ఒక్కొక్కరే తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి, చేతికి తగిలింది తీసుకుంటారు. వచ్చినదాన్ని కాదనడానికి లేదు. మాస్టారికీ అదే నియమం.

సుభాషిణి హైస్కూల్లో హిందీ టీచరు. బడి, పరీక్ష పేపర్లు, బస్సులో నిలబడి రాకపోకలు, వచ్చాక వంటిల్లు. వీటి మధ్య ఊపిరి తీసుకోవడానికే ఆమె మాస్టారి దగ్గర లేత్ పని నేర్చుకుంది. నేర్చుకున్న కొద్దీ చెయ్యి కుదిరింది, చెయ్యి కుదిరిన కొద్దీ పట్టుదల పెరిగింది. మార్పిడికి ఇచ్చే పెన్ను కోసం దసరా ముందునుంచే కష్టపడేది. బుట్టలోంచి ఆమెకు వచ్చేవి మాత్రం వేరేగా ఉండేవి. ఒక ఏడు మూత పట్టని పెన్ను వచ్చింది. మరుసటేడు వచ్చినదానికి పాలిష్ చేతికి అంటుకునేది. పోయినేడాదిది మోకాలు వంగిన మనిషిలా ఒక పక్కకు వాలి ఉండేది. అవన్నీ బీరువా పై అరలో పడి ఉన్నాయి. ఈ ఏడు ఆమె చేసిన రోజ్‌వుడ్ పెన్నును చూసి పళ్ళ డాక్టరుగారు "ఇది ఎవరికి తగులుతుందో గానీ, వాళ్ళ పంట పండినట్టే" అన్నారు. ఆ మాటకు ఆమెకు సంతోషం కలగలేదు. నీరసం వచ్చింది.

మార్పిడికి ముందురోజు సాయంత్రం ఆమె షెడ్డుకు వెళ్ళింది. మాస్టారు ఒక్కరే ఉన్నారు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మనం ప్రాణం పెట్టి చేసింది ఇచ్చేసి, ఎదుటివాళ్ళు చేతులు దులుపుకోవడానికి చేసింది తెచ్చుకుంటే దాన్ని మార్పిడి అంటారా? ఇచ్చిన దాంట్లో సగం పాటిదైనా రానప్పుడు ఇవ్వడం దేనికి? నాకు ఓపిక అయిపోయింది. ఈసారి మానేస్తాను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఊఁ, చూద్దాం," అన్నారు. కొంచెం ఆగి, "రేపు మా ఆవిడ పులిహోర చేస్తానంది. పెన్ను వేసినా వెయ్యకపోయినా తినడానికైతే రా," అన్నారు.

ఆమె వెళ్ళింది. వెళ్ళి ఊరికే కూర్చోవడం ఇష్టం లేక పెన్నూ తీసుకెళ్ళింది.

అందరూ చేరాక గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి వరహాలమ్మగారు దిగింది. ఆవిడ సామర్లకోటలో ఉండే గార్డు గోవిందరాజులుగారి భార్య. ఆయన పోయి రెండు నెలలైంది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ షెడ్డు గడప ఆవిడ తొక్కలేదు. అన్నంలో చెక్కపొట్టు పడుతోందని, చీరలకు రంపపు పొడి అంటుతోందని ఆయన్ను సాధించేదని అందరూ చెప్పుకునేవారు. ఆవిడ నేరుగా బుట్ట దగ్గరికి వచ్చి అంది.

"ఆయన వాటా ఆయన వెయ్యాలి కదండీ. అందుకని తెచ్చాను."

చెంగు ముడి విప్పి, పాత రుమాలులో చుట్టినదేదో బుట్టలో పెట్టింది. మాస్టారు తువ్వాలు కప్పారు.

సుభాషిణి వంతు వచ్చినప్పుడు ఆమె వేళ్ళకు మెత్తటి రుమాలు తగిలింది. అదేమిటో అప్పుడే అర్థమైంది. మరొకటి వెతుక్కోవచ్చు, తువ్వాలు కింద ఎవరికీ కనబడదు. కానీ వెతకడానికి కూడా ఓపిక లేదు. తీసేసింది. విప్పితే పనస చెక్క పెన్ను. పెన్ను అనడానికి ఇంకా లేదు. ఒళ్ళూ మూతా చెక్కడం వరకే అయ్యాయి. ఉప్పుకాగితం తగలని చెక్క గరగరలాడుతోంది. పాళీ విడిగా కాగితం పొట్లంలో ఉంది. ఎవరో "అయ్యో" అన్నారు. అది పోయినాయన కోసమో, తన కోసమో ఆమెకు తెలియలేదు.

ఆమె చేసిన రోజ్‌వుడ్ పెన్ను వరహాలమ్మగారికి వెళ్ళింది. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "కొత్తదానితో శ్రీకారం చుట్టాలి కదా," అని సిరా పోయించుకుంది. కాగితం మీద శ్రీరామ అని రాయబోయింది. కాగితం మీద గీత పడింది గానీ సిరా దిగలేదు. ఇంకోసారి రాసింది. దిగలేదు.

"ఇది చూసుకోడానికా అమ్మా, రాసుకోడానికా?" అని ఆవిడ మామూలుగానే అడిగింది. ఎగతాళి లేదు.

సుభాషిణి ముఖం వేడెక్కింది. పాలిష్ పాడవుతుందని ఆమె ఆ పెన్నులో ఒక్కసారైనా సిరా పోసి చూడలేదు. "ఇలా ఇవ్వండి, బాగుచేసి తెస్తాను," అంది. అలా ఆ రోజు అందరూ ఒక పెన్ను ఇచ్చి ఒక పెన్ను తీసుకుని వెళితే, ఆమె ఇచ్చినదీ వచ్చినదీ రెండూ మోసుకుని ఇంటికి వచ్చింది. పులిహోర తినడం మరిచిపోయింది.

రోజ్‌వుడ్ పెన్ను త్వరగానే కుదిరింది. పాళీ కింద ఉండే సన్నటి నాలుక పక్కకు జరిగి ఉంది, సరిచేసేసరికి సిరా దిగింది. పనసదే ఎటూ తేలలేదు. దాన్ని ఇంట్లోని తన చిన్న లేత్‌కు బిగించి, ఉప్పుకాగితం చేతిలోకి తీసుకుని, ముందు వేలితో ఒకసారి తడిమి చూసింది. ఉలి ఆగిన చోట ఆగినట్టు, మళ్ళీ పట్టుకున్న చోట పట్టుకున్నట్టు సన్నటి వరసలు. ఒకచోట ఉలి లోతుగా దిగింది. అక్కడ ఆయన ఆగి, విసుక్కుని, టీ తాగి వచ్చి ఉంటాడు. ఉప్పుకాగితం పెడితే ఇవన్నీ చెరిగిపోతాయి. ఆయన చేతివంటూ ఇక మిగిలినవి ఇవే కదా అనిపించింది. మిషను ఆపేసింది. రెండు పెన్నులూ సంచీలో వేసుకుని మర్నాడు బడి నుంచి అటే సామర్లకోట బస్సెక్కింది.

వరహాలమ్మగారి ఇంటి వరండాలో ఒక మూల గోవిందరాజులుగారి లేత్ ఉంది. పైన దుప్పటి కప్పి ఉంది. కప్పింది ఆయనేనట. ఆసుపత్రికి వెళ్ళే పొద్దున దుమ్ము పడకుండా కప్పి వెళ్ళాడు, ఆ తరువాత ఎవరూ తియ్యలేదు. వరహాలమ్మగారు రోజ్‌వుడ్ పెన్నుతో శ్రీరామ రాసి చూసింది. సిరా నల్లగా దిగింది. "ఇప్పుడు బాగుంది," అంది. సుభాషిణి పనస పెన్నును రుమాలుతో సహా ఆవిడ ముందు పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉండనివ్వండి వరహాలమ్మగారూ. ఆయన చేతి గుర్తులున్నాయి. నున్న చేస్తే పోతాయి. నాకు చెయ్యి రాలేదు."

వరహాలమ్మగారు ఆ పెన్నును ముట్టుకోలేదు.

"ఆయన గుర్తులకేం తక్కువమ్మా నాకు? ఈ ఇంట్లో తలుపులకు గొళ్ళేలు కూడా ఆయనే పెట్టాడు," అంది. "ఎండాకాలం నుంచీ ఒకటే మాట. 'నున్న చెయ్యడమొక్కటే మిగిలింది వరహాలూ, అంతే.' భోజనానికి పిలిస్తే అదే, పడుకోమంటే అదే. ఆసుపత్రిలో మంచం మీద కూడా అదే మాట, చేతులు ఇలా ఇలా ఆడిస్తూ. ఆయన పోయాక కూడా ఆ మాట నా చెవిలోంచి పోవట్లేదు. పొద్దున లేవగానే ఏదో పని మిగిలిపోయిందనిపిస్తుంది. ఏ పనో అని ఇల్లంతా తిరుగుతాను. నాకు చాతకాదు, పిల్లలకు పట్టదు. అందుకే తెచ్చి మీ బుట్టలో పడేశాను. మీలో ఎవరో ఒకరు పూర్తి చేస్తారని. నువ్వు మళ్ళీ తెచ్చి నా ముందు పెడితే ఎట్లా?"

సుభాషిణి పెన్నును రుమాలులో చుట్టి మళ్ళీ సంచీలో వేసుకుంది. తిరుగు బస్సులో సీటు దొరికింది. అయినా కూర్చున్నట్టు అనిపించలేదు.

తరువాత ఆమె చేసిన పనిలో సరదా ఏమీ లేదు. బడి నుంచి వచ్చి, అన్నం వండి, నడుం నొప్పితోనే లేత్ ముందు నిలబడేది. ఉలి లోతుగా దిగిన చోటికి మిగతా ఒళ్ళంతా తగ్గించుకుంటూ రావాలి, అలా తగ్గిస్తే గోడ పలచబడి పగలవచ్చు. కొంచెం చేసి ఆపేది. ఒక్కో వరస చెరిగిపోతుంటే చెయ్యి ఆగేది. ఆగితే సామర్లకోటలో ఆవిడ ఇల్లంతా తిరగడం గుర్తొచ్చి మళ్ళీ మొదలుపెట్టేది. ఇది ఎవరి పెన్నో, తను చేస్తున్నది ఎవరి పనో ఆలోచించడం ఒకనాటికి మానేసింది. మార్గశిరం వచ్చేసరికి పనస చెక్క పసుపు దంచినట్టు పచ్చగా తేలింది. పాళీ బిగించి, ఈసారి ముందుగా సిరా పోసి, ఒక పేజీ నిండా రాసి చూసి, అప్పుడు తీసుకెళ్ళింది.

వరహాలమ్మగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బొటనవేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"అయిందా?" అని అడిగింది.

"అయిందండీ."

"ఇంకేం లేదుగా?"

"ఇంకేం లేదు. అయిపోయింది."

ఆవిడ తల ఊపింది. పెన్నును తిరిగి సుభాషిణి చేతిలో పెట్టి, "నీ వంతుకు వచ్చింది, నీదే," అంది. తరువాత వరండా మూలకు వెళ్ళి, లేత్ మీది దుప్పటి లాగి, దులిపి, నూతి దగ్గర బకెట్లో నానబెట్టింది. అప్పుడుగానీ కూర్చోలేదు. మెట్టు మీద చెంగు నోటికడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. సుభాషిణి పక్కనే కూర్చుంది. ఏడుపయ్యాక ఆవిడే లేచి కాఫీ పెట్టింది.

ఆ ఆదివారం షెడ్డుకు సుభాషిణి ఆలస్యంగా వచ్చింది. అందరూ వెళ్ళిపోయారు. మాస్టారు బల్ల దగ్గర కూర్చుని, మార్పిడిలో తనకు వచ్చిన పెన్నును జేబులోంచి తీసి చూసుకుంటున్నారు. పళ్ళ డాక్టరుగారిది, అద్దంలా మెరుస్తోంది. ఆమె వచ్చి ఎదురుగా స్టూలు మీద కూలబడింది. వేళ్ళ చివర్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. తను వేసిన ప్రశ్న ఆమె మళ్ళీ అడగలేదు, ఆయన గుర్తు చెయ్యలేదు.

కాసేపటికి మాస్టారే అడిగారు. "ఇంతకీ ఈ ఏడు నీకేం వచ్చిందమ్మా?"

సుభాషిణి కొంచెం ఆలోచించి, "పని వచ్చింది మాస్టారూ," అంది.

"అదృష్టవంతురాలివి," అన్నారు ఆయన. "నాకెప్పుడూ పెన్నే వస్తుంది."